తల తొడిగిన క్షణం నుంచి లెక్కపెట్టండి: థీమ్ పార్కు యాజమాన్యాలకు బహిరంగ లేఖ

సినిమా పాత్రల పరేడ్‌లు నడిపే థీమ్ పార్కుల యాజమాన్యాలకు, వినోద విభాగాల అధిపతులకు,

నమస్కారం. పరేడ్‌లో బొమ్మ వేషాలు కట్టేవాళ్లం, వాళ్ల పక్కన నడిచే అటెండెంట్లం, శకటాలు నడిపే డ్రైవర్లం, సౌండ్ చూసే టెక్నీషియన్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మేం అడిగేది ఒక్కటే. వేషధారి పని సమయాన్ని ప్రేక్షకులకు కనిపించే నిమిషాలతో కొలవకండి. బొమ్మ తల తొడిగిన క్షణం నుంచి ఆ తల తీసిన క్షణం దాకా కొలవండి. మార్గం ఎంత పొడవుండాలి, శకటాలు ఏ వరుసలో వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఎప్పుడు రద్దు చేయాలి అన్నవన్నీ ఆ లెక్క మీదే నిర్ణయించండి.

ఆ రెండు లెక్కలకూ ఎంత తేడా వస్తుందో ఒక మామూలు పరేడ్‌తో చూపిస్తాం. మార్గం 600 మీటర్లు. 8 శకటాలు, వాటి మధ్య ఖాళీలతో కలిపి వరుస పొడవు 250 మీటర్లు. వేగం సెకనుకు 0.9 మీటర్లు, అంటే మనిషి తాపీగా నడిచే నడక. మధ్యలో రెండు చోట్ల ఆగి నాలుగేసి నిమిషాలు నృత్యం చేస్తారు. ఒక వేషధారి మార్గం మొత్తం నడవడానికి 11 నిమిషాలు, ఆగిన చోట్ల 8 నిమిషాలు, వెరసి 19 నిమిషాలు. షెడ్యూల్ కాగితం మీద ఉండేది ఈ అంకె. కానీ మొదటి శకటం గేటు దాటినప్పటి నుంచి చివరి శకటం బయటపడేదాకా 24 నిమిషాలు పడుతుంది. అందరూ ఒకేసారి, గేటు తెరవడానికి 5 నిమిషాల ముందే తలలు తొడుక్కుని నిలబడాలన్నది చాలాచోట్ల ఆనవాయితీ. పరేడ్ ముగిశాక తల తీసే గదికి నడక ఇంకో 4 నిమిషాలు. అంటే చివరి శకటం వెంట నడిచే మనిషి 33 నిమిషాలు తల లోపలే ఉంటారు. ఎవరి పిల్లవాడో తప్పిపోయి పరేడ్‌ను మధ్యలో 6 నిమిషాలు నిలిపేశారనుకోండి, అది 39 అవుతుంది. కాగితం మీద మాత్రం ఇంకా 19 దగ్గరే ఉంటుంది.

ఇందులో ఎక్కువ భాగాన్ని ఖర్చు లేకుండా తగ్గించవచ్చు. తలలు అందరూ ఒకేసారి తొడుక్కోవలసిన అవసరం లేదు. మొదటి శకటం మార్గంలో ఫలానా దీపస్తంభం దాటగానే చివరి బృందానికి కబురు అందాలి, వాళ్లు తమ వంతుకు ఒక్క నిమిషం ముందు తొడుక్కోవాలి. నిష్క్రమణ గేటు మూసుకున్న వెంటనే, దాని వెనకాలే, తల తీసే చోటు ఉండాలి: నీడ, పెద్ద ఫ్యాను, చల్లటి నీళ్లు, కూర్చోవడానికి బల్ల, తలలు పెట్టే స్టాండు. డ్రెస్సింగ్ రూమ్ ఎంత దూరమున్నా ఫర్వాలేదు, అక్కడికి తల చేత్తో పట్టుకుని వెళ్లవచ్చు. ఈ రెండు మార్పులతో 33 కాస్తా 21 నిమిషాలకు దిగుతుంది. ఆ పన్నెండు నిమిషాల్లో ప్రేక్షకుడికి తగ్గేదేమీ లేదు.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నామంటే, శరీరం చల్లబడేది చెమట ఆరడం వల్ల. ఫోమ్, బొచ్చు, లోపలి ప్యాడింగ్ కలిసిన వేషంలో చెమట పడుతుంది గానీ ఆరదు. లోపలి గాలి కొద్ది నిమిషాల్లోనే ఆవిరితో నిండిపోతుంది. తలలో పెట్టే చిన్న ఫ్యాను ముఖానికి హాయినిస్తుంది, కంటి జాలీ మీద తేమ పట్టకుండా చూస్తుంది, అంతవరకు మంచిదే. కానీ బయటి గాలే ఉక్కగా ఉంటే అది ఆ ఉక్కనే లోపలికి తోస్తుంది. చల్లదనాన్నిచ్చే ప్యాకెట్ల జాకెట్లు కూడా అంతే. ప్యాకెట్లు గట్టిగా ఉన్నంతసేపు ఉపయోగం, కరిగిపోయాక అదొక అదనపు పొర, అదనపు బరువు. కాబట్టి జాకెట్ ఇచ్చాం గనక సమయం పెంచుతామన్న లెక్క ఒప్పుకోలేం.

వేడిని కొలిచే తీరు కూడా మారాలి. ఫోన్‌లో కనిపించే ఉష్ణోగ్రత నీడలో కొలిచినది. పరేడ్ నడిచేది ఎండకు కాగిన తారు మీద, రెండు వైపులా గుంపు గాలిని ఆపేసిన దారిలో. తేమను, ఎండను, గాలిని కలిపి చూపే కొలత డబ్ల్యూబీజీటీ. ఆరుబయట దాని లెక్కలో తడి బల్బు (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్) వాటా 0.7, నల్ల గోళం (ఎండ వేడిని పట్టే నల్లటి గోళంలోని థర్మామీటర్) వాటా 0.2, మామూలు థర్మామీటర్ వాటా 0.1. అంటే పదింట ఏడు వంతులు తేమను పట్టిచూపే తడి బల్బుదే. ఈ మీటర్‌ను ఆఫీసు మేడ మీద కాకుండా పరేడ్ మార్గంలోనే, నడుము ఎత్తున, ప్రతి ప్రదర్శనకు అరగంట ముందు పెట్టి చూడాలి. ఆ అంకెకు బట్టల భారం కూడా కలపాలి. పారిశ్రామిక పరిశుభ్రత నిపుణులు వాడే పట్టికల్లో ఆవిరిని బయటికి పోనివ్వని సూట్‌కు 11 డిగ్రీల సెల్సియస్ అదనంగా కలుపుతారు. బొచ్చు వేషానికి ఆ పట్టికలో గడి లేదు. అంతమాత్రాన సున్నా కలపడం తప్పు. మీ వేషాల్ని ఒక్కొక్కటిగా పరీక్షించేదాకా ఆ 11 డిగ్రీల అంకెనే వాడండి, అది జాగ్రత్త వైపు ఉంటుంది.

కొత్తవాళ్ల సంగతి వేరే చెప్పాలి. అమెరికా వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం, వేడిలో పనికి కొత్తగా వచ్చినవారికి మొదటి రోజు మామూలు పనిలో 20 శాతమే ఇవ్వాలి, తర్వాత రోజుకు 20 శాతానికి మించి పెంచకూడదు. ఆ పని అలవాటుండి విరామం తర్వాత తిరిగి వచ్చినవారికి 50, 60, 80, 100 శాతం వరుస. సెలవుల సీజన్‌కు కొత్తవాళ్లను తీసుకుని, మొదటి వారంలోనే రోజుకు మూడు పరేడ్‌లు వేయించడం దీనికి పూర్తిగా విరుద్ధం. సాధనకూ ఇదే లెక్క వర్తించాలి. 2019 జులై 28న జపాన్‌లోని హిరకాత పార్కులో ఒక వేషధారి వడదెబ్బతో చనిపోయారు. వయసు 28. అది మిట్టమధ్యాహ్నపు ప్రదర్శన కాదు. పార్కు మూశాక, సాయంత్రం, సుమారు 20 నిమిషాల నృత్య సాధన. ఎండ లేదు గనక ముప్పు లేదనుకోవడానికి వీల్లేదని అది చెబుతోంది. సాధనలో కదలికలు నేర్చుకునేదాకా వేషం అక్కర్లేదు. తల ఒక్కటే అలవాటు చేయాలంటే మామూలు బట్టల మీద తల పెట్టుకుని చేయవచ్చు. పూర్తి వేషం చివరి రెండు విడతలకు చాలు.

ఎవరైనా తూలినా, మాట తడబడినా, అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పినా అది వడదెబ్బ అనే అనుకోవాలి. ముందు తల తీయండి, తర్వాత చేతి తొడుగులు, ఆపైన వేషం. జిప్పు ఇరుక్కుంటే కత్తెరతో కోసేయండి. వేషం ఖరీదు గురించి ఆ క్షణంలో ఎవరూ ఆలోచించకూడదన్నది రాతపూర్వకంగా ఉండాలి, ఎందుకంటే కొత్త అటెండెంట్ తప్పకుండా ఆలోచిస్తారు. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తూనే చన్నీళ్లలో ముంచాలి, లేదా మంచునీటితో ఒళ్లంతా తడుపుతూ ఉండాలి. ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. తెరవెనుక ఒక పెద్ద తొట్టి, మంచు ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి.

ఇక మౌన నియమం. నిండు తల ఉన్న పాత్ర మాట్లాడకూడదు. పిల్లల కోసం పెట్టిన ఈ నియమాన్ని మేం ప్రేమగానే పాటిస్తాం. తెర మీద చూసిన బొమ్మ తన వైపు చెయ్యి ఊపినప్పుడు పిల్లవాడి ముఖంలో కనిపించే నమ్మకాన్ని పాడు చేయాలని మాలో ఎవరికీ ఉండదు. ముప్పు కూడా సరిగ్గా అక్కడే ఉంది. కళ్లు తిరుగుతున్నా, పిల్లల ముందు తల తీయలేక, గేటు దాకా ఎలాగో నడిచేద్దామని లాక్కొస్తారు. దీనికి రెండు ఏర్పాట్లు కావాలి. ఒకటి, మార్గంలో ప్రతి 100 మీటర్లకు తెరవెనక్కి పోయే ఒక తలుపు, దాని దగ్గర ఒక మనిషి. అది ఉంటే పాత్ర చెయ్యి ఊపుకుంటూనే పక్కకు తప్పుకోగలదు, ప్రేక్షకులకు తేడా తెలియదు. రెండు, అందరికీ ఒకటే సైగలు. రెండు చేతులూ తల మీద పెడితే ‘నన్ను ఇప్పుడే బయటికి తీసుకెళ్లు’ అని అర్థం. అటెండెంట్ వెంటనే చెయ్యి పట్టుకుని నడిపించాలి, ఎందుకని అడగకూడదు, మరో నిమిషం ఓర్చుకోమనకూడదు. ఆ సైగ చేసినందుకు ఎవరి షిఫ్టూ తగ్గకూడదు. తగ్గితే రెండోసారి ఎవరూ ఆ సైగ చేయరు.

అటెండెంట్ల సంఖ్య తగ్గించడం ఈ మధ్య ఎక్కువైంది. వేషధారికి కనిపించేది ఎంతో ఆలోచించండి. కొన్ని తలల్లో కంటి జాలీలోంచి, కొన్నింటిలో నోటి జాలీలోంచి చూస్తారు. ఎదురుగా ఒక ముక్క కనిపిస్తుంది, అంతే. కాళ్ల దగ్గర నేల కనిపించదు. నడుము ఎత్తు పిల్లవాడు పక్కనుంచి వచ్చి కాలు వాటేసుకుంటే తెలిసేది తగిలాకే. రాత్రి పరేడ్‌లో ఎదుటి దీపం జాలీ మీద పడితే ఆ కాస్త చూపూ పోతుంది. చెవులూ అంతే, ఫోమ్ వెనక నుంచి కేక వినపడదు. కాబట్టి అటెండెంటే వేషధారికి కళ్లు, చెవులు. ఆగమనడానికి భుజం మీద ఒక తట్టు, వెనక్కి రమ్మనడానికి రెండు తట్లు అని ముందే అనుకోవాలి. నేల మీద నడిచే నిండు తల పాత్ర ఒక్కొక్కదానికి ఒక అటెండెంట్ తప్పనిసరి. ముగ్గురికి ఒకరు చాలన్న లెక్క కుదరదు.

మార్గం మధ్యలో ఫోటోలకు, కౌగిలింతలకు ఆగమని ప్రోత్సహించడం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. వరుసలో అది చేసే పని చూడండి. ఒక పాత్ర 30 సెకన్లు ఆగితే ముందున్న శకటం 27 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి వేషధారి పరుగెత్తాలి. పెద్ద పాదాల బూట్లతో, కాళ్ల కింద నేల కనిపించకుండా, వెనక ఇంకో శకటం వస్తుండగా. వేషధారులు పడిపోవడాల్లో చాలావరకు ఇలా మొదలయ్యేవే. పలకరింపులు ఆగే చోట్ల పెట్టండి, అక్కడ శకటాల చక్రాలు కూడా ఆగి ఉంటాయి. నడిచేటప్పుడు చెయ్యి ఊపడం, చప్పట్లు, నృత్యం చాలు. ఖాళీ వచ్చిందంటే దాన్ని పూడ్చాల్సింది కంట్రోల్ రూమ్, ముందు శకటం వేగం తగ్గించి. వేషధారి పరుగెత్తకూడదని నియమం పెట్టండి.

శకటం దగ్గర కొన్ని అంకెలు మీ మార్గ నిర్ణేతల చేతిలో ఉండాలి. డ్రైవర్ కూర్చునేది అలంకరణ లోపల, కిందికి, జాలీ వెనక. ఇరుసుల మధ్య 5 మీటర్లున్న శకటం 8 మీటర్ల వ్యాసార్థంతో మలుపు తిరిగితే వెనక చక్రం దాదాపు 1.75 మీటర్లు లోపలికి వస్తుంది. వెనక భాగం పొడుగ్గా ఉంటే ఆ తోక బయటి వైపుకి ఊగుతుంది. కాబట్టి ప్రేక్షకుల్ని ఆపే తాడు మార్గమంతా ఒకే దూరంలో కడితే సరిపోదు, మలుపు లోపలి వైపు కనీసం మూడు మీటర్లు వెనక్కి కట్టాలి. శకటం నాలుగు మూలలా మనుషులు నడవాలి, వాళ్ల చేతిలో చక్రాలను నేరుగా ఆపే బటన్ ఉండాలి. వాకీటాకీలో చెప్పి ఆపించడానికి నాలుగు సెకన్లు పడితే, బ్రేకు పడేలోపే శకటం 3.6 మీటర్లు ముందుకొస్తుంది. ఒక్కసారిగా ఆగితే పైన నిలబడ్డవాళ్లు తూలిపడతారన్నది నిజమే. దానికి విరుగుడు నడుముకు బెల్టు, చేతికందే కమ్మీ. బటన్ తీసేయడం కాదు. పైన నాలుగు మీటర్ల ఎత్తున సొమ్మసిల్లిన మనిషిని వేషంతో సహా కిందికి ఎలా దించాలో ప్రతి శకటానికీ విడిగా సాధన చేయించండి. నిచ్చెన ఉంటే చాలనుకోవద్దు, స్పృహ లేని మనిషి నిచ్చెన దిగలేరు.

2004 ఫిబ్రవరిలో వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో బొమ్మ వేషంలో ఉన్న ఒక ఉద్యోగి శకటం కింద పడి చనిపోయారు. అది ప్రేక్షకుల ముందు జరగలేదు, పరేడ్ బయల్దేరే తెరవెనుక చోట జరిగింది. అక్కడ తాళ్లుండవు, గీతలుండవు, అందరూ తొందరలో ఉంటారు, సగం మంది తలలు తొడుక్కుని ఉంటారు. తల తొడిగినవారెవరూ కదిలే శకటానికి మూడు మీటర్ల లోపు ఉండకూడదని, శకటం వరుసలో ఆగి బ్రేకు పడ్డాకే మనుషులు తమ చోట్లకు రావాలని తెరవెనుక నేల మీద రంగు గీతలు గీయండి. జోడు బండ్లుగా కలిపిన శకటాల మధ్య ఖాళీకి పక్క రేకులు బిగించండి.

మంటలు చిమ్మే శకటాల విషయం క్లుప్తంగా చెబుతాం. 2018 మే 11న అదే వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో పరేడ్ డ్రాగన్ తలకు నిప్పంటుకుంది, అదృష్టవశాత్తూ ఎవరికీ దెబ్బ తగల్లేదు. అలాంటి శకటానికి ముందు, వెనక పది మీటర్లలో బొచ్చు వేషాలు ఉండకూడదు. ఆర్పే సిలిండర్ పట్టుకుని నడిచేవారికి ఇంకే పనీ ఇవ్వకూడదు.

సౌండ్ గురించి రెండు మాటలు. 1972 జూన్ 17న డిస్నీల్యాండ్‌లో మొదలైన విద్యుద్దీపాల పరేడ్‌లో అన్ని శకటాల పాటల్నీ ఒకే లయ మీద కూర్చారు, పక్కపక్క శకటాల సంగీతాలు కలిసినా గోల కాలేదు. ఒక్కో శకటానికి ఒక్కో సినిమా పాట పెట్టినప్పుడు ఆ సౌకర్యం ఉండదు. రెండు పాటలు కలిసే చోట నృత్యకారులు తాళం తప్పుతారు. శబ్దం 34 మీటర్లు రావడానికి పదో వంతు సెకను పడుతుంది. స్తంభాల స్పీకర్లకు ఆ మేరకు ఆలస్యం పెట్టకపోతే ఒకే పాట కూడా రెండుగా వినిపిస్తుంది. సాధారణంగా ఇక్కడ చేసే పని శకటం స్పీకర్ పెంచేయడం. నియోష్ లెక్కలో 94 డెసిబెల్స్ దగ్గర రోజుకు గంట, 100 దగ్గర 15 నిమిషాలు మాత్రమే. రోజుకు మూడు పరేడ్‌లు స్పీకర్ పక్కన నిలబడేవాళ్లకు ఇది దాటిపోతుంది. స్పీకర్ల ముఖం ప్రేక్షకుల వైపు తిప్పండి, పైనున్నవారికి చెవి బిరడాలు ఇవ్వండి. దీపాల మెరుపులు సెకనుకు మూడుకు మించకుండా చూడండి, మూర్ఛ ఉన్న పిల్లలు గుంపులో ఉంటారు.

వేషాల శుభ్రత మీరు చిన్న విషయమనుకోవచ్చు, మేం అనుకోం. 2001లో వాల్ట్ డిస్నీ వరల్డ్ వేషధారులు తమ యూనియన్ ద్వారా ఎవరి లోదుస్తులు వారికే కేటాయించేలా సాధించుకోవలసి వచ్చింది. తల లోపలి లైనింగ్ విడిగా ఊడివచ్చేలా కుట్టించండి, మనిషి మారిన ప్రతిసారీ లైనింగ్ మారాలి. రెండు ప్రదర్శనల మధ్య తలను బ్లోయర్ మీద పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. తడిగా ఉన్న తల బరువు, వాసన, బూజు మూడూ తెస్తుంది. ఒక్కో పాత్రకు రెండేసి తలలు లేకుండా రోజుకు మూడు ప్రదర్శనలు వేయించడం ఈ కారణంగానే కుదరదు. సినిమా సంస్థ ఆమోదించిన రూపం మారకూడదంటారు, నిజమే. కానీ గాలి రంధ్రాలు జుట్టు కింద, కాలర్ మడతలో, నోటి లోపల దాచవచ్చు. ఆ మాట బొమ్మ డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడే ఎత్తాలి, తయారయ్యాక కోయనివ్వరు.

ఇక చివరిగా, రద్దు ఎవరు చేయాలి? ప్రేక్షకుల ఫిర్యాదులకు జవాబు చెప్పుకోవలసిన మనిషి చేతిలో ఆ నిర్ణయం ఉంటే, ఇంకొంచెం చూద్దామనే అంటారు. అది వాళ్ల తప్పు కాదు, వాళ్లను కూర్చోబెట్టిన కుర్చీ అలాంటిది. భద్రతా అధికారి చేతిలో పెట్టండి, అంకెలు ముందే రాసిపెట్టండి: ఫలానా డబ్ల్యూబీజీటీ దాటితే నిండు తల పాత్రలు నేల మీద నడవరు, ఇంకా పైన ఫలానాది దాటితే పరేడ్ లేదు. ఉరుము వినిపిస్తే ఆపాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచాకే మళ్లీ మొదలుపెట్టాలి. రద్దు చేస్తే పిల్లలకు చూపించడానికి ఏమీ ఉండదన్న మీ బాధ మాకు తెలుసు. దానికి దారి ఉంది. 2020 జులైలో వాల్ట్ డిస్నీ వరల్డ్ తిరిగి తెరిచినప్పుడు పెద్ద పరేడ్‌ల బదులు సమయం ప్రకటించకుండా ఒకటి రెండు శకటాలతో చిన్న చిన్న ఊరేగింపులు తిప్పారు. గుంపు కట్టే అవసరం లేదు, మధ్యలో ఎక్కడా ఆగే పని లేదు. మా 600 మీటర్ల మార్గంలో అలాంటిది వేస్తే తల లోపల సమయం 13 నిమిషాల్లో ముగుస్తుంది. వేడి రోజుల్లో పెద్ద పరేడ్ ఒకటి తీసేసి ఇలాంటివి నాలుగు వేయండి, వేర్వేరు బృందాలతో. పిల్లలు పాత్రల్ని ఇంకా దగ్గర నుంచి చూస్తారు.

వచ్చే సీజన్ షెడ్యూల్ అచ్చు వేయకముందే మాతో కూర్చోండి. ప్రతి బృందానికీ తల తొడిగిన సమయం, తీసిన సమయం రాసే రెండు గడులు షీట్‌లో చేర్చండి, అటెండెంట్లు నింపుతారు. మొదటి రెండు వారాల షీట్లు యాజమాన్యం, ఉద్యోగుల ప్రతినిధులు ఒకే బల్ల దగ్గర చదవాలి. ఆ సమావేశం తేదీని రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాం.

ఇట్లు,
పరేడ్ వేషధారులు, అటెండెంట్లు, శకట డ్రైవర్లు, సౌండ్ టెక్నీషియన్లు